ఎగ్జిమా ఉన్నవాళ్ల పడక: పరుపు, దిండు, దుప్పట్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఎగ్జిమా ఉన్న ఇంట్లో రాత్రి ఎలా గడుస్తుందో ఆ ఇంటివాళ్లకే తెలుసు. పగలంతా ఫరవాలేదనిపించిన చర్మం లైటు తీసేయగానే మంటెత్తుతుంది. తెల్లారి చూస్తే దుప్పటి మీద నెత్తుటి చారలు, గోళ్లలో పొట్టు. చిన్నప్పటి నుంచీ నాది ఈ చర్మమే, ఇప్పుడు మా పాపకీ వచ్చింది. పడక గురించి నన్ను అడిగేవాళ్లకు చెబుతూ వచ్చిన జవాబులే ఇక్కడ రాస్తున్నాను. ఏ దుప్పటీ ఎగ్జిమాను నయం చెయ్యదు. డాక్టరు ఇచ్చిన మందూ, మీరు రాసుకునే మాయిశ్చరైజరూ చేసే మేలును పడక చెడగొట్టకుండా చూసుకోవడమే మన చేతుల్లో ఉన్న పని.

రాత్రి పడుకున్నాకే దురద ఎందుకు పెరుగుతుంది?

నిద్రకు ముందు ఒళ్లు లోపలి వేడిని తగ్గించుకుంటుంది. ఆ వేడి బయటికి పోయే దారి చర్మమే. అందుకే చర్మానికి రక్తం ఎక్కువగా పారి, పైన వెచ్చబడుతుంది. వెచ్చబడిన ఎగ్జిమా చర్మం దురద పెడుతుంది. పైగా రాత్రిపూట చర్మం నుంచి ఆవిరైపోయే తేమ పగటికంటే ఎక్కువ. వాపును అణచి ఉంచే కార్టిసాల్ హార్మోను అర్ధరాత్రి దాటేవేళకు బాగా తక్కువగా ఉంటుంది. పగలైతే పనుల్లో పడి మరిచిపోతాం, రాత్రి మనసు మళ్లించడానికి కూడా ఏమీ ఉండదు.

పడక గురించి తీసుకునే నిర్ణయాలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది. ఒంటినుంచి వచ్చే వేడినీ చెమటనూ బయటికి పోనిచ్చేది మంచి పడక, పట్టి ఉంచేది చెడ్డ పడక. మిగతా సంగతులు దీని తర్వాతే.

ఒకే మంచం, ఒకే దుప్పటి. పక్కన పడుకున్నవాళ్లకు ఏమీ కాదు, నాకే ఎందుకు?

మీ చర్మం పైపొర వేరు. 2006లో స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫిలాగ్రిన్ అనే ప్రొటీను జన్యువులో వచ్చే మార్పులకూ ఎగ్జిమాకూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టారు. పైపొరను బిగువుగా, తేమగా ఉంచే ప్రొటీను అది. ఎగ్జిమా ఉన్నవాళ్లందరికీ ఆ మార్పు ఉండదు కానీ, కారణమేదైనా అందరిలోనూ పైపొర బలహీనంగానే ఉంటుంది. గోడకు బీటలు పడ్డట్టే: లోపలి తేమ బయటికి, బయటి సబ్బూ దుమ్మూ లోపలికి. పక్కవాళ్ల చర్మానికి తెలియనే తెలియని గరుకు మీకు ముల్లులా తగలడం మీ ఊహ కాదు. "అంతా నీ మనసులోనే ఉంది" అని ఎవరైనా అంటే నమ్మకండి.

తామర, గజ్జి, ఎగ్జిమా అన్నీ ఒకటేనా?

కావు. ఈ మాటల కలగాపులగం వల్ల చాలామంది నష్టపోతున్నారు. తామర అని మనం ఎగ్జిమానూ అంటాం, ఫంగస్ వల్ల గుండ్రంగా వచ్చే మచ్చనూ అంటాం. ఎగ్జిమాకు వాడే స్టెరాయిడ్ క్రీము ఫంగస్ మీద రాస్తే అది లోలోపల పాకుతుంది. గజ్జి మరొకటి. చర్మంలో తొలుచుకుపోయే పురుగు వల్ల వస్తుంది, దానికీ దురద రాత్రే ఎక్కువ. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర దురద మొదలైందంటే పరుపు మార్చే ఆలోచన పక్కనపెట్టి ముందు డాక్టరుకు చూపించండి. గజ్జికి మందు ఇంటిల్లిపాదీ ఒకేసారి వాడాలి.

దుప్పటికి ఏ బట్ట మంచిది?

నన్ను అడిగితే నూలు. మెత్తని, పలచని, అడ్డం నిలువు సాదాగా నేసిన నూలు. దుకాణాల్లో దీన్నే పర్కేల్ అంటారు. గాలి ఆడుతుంది, చెమట పీల్చుకుంటుంది, వేడినీళ్లలో ఎన్నిసార్లు ఉతికినా తట్టుకుంటుంది. ఈ చివరి గుణాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఎగ్జిమా ఇంట్లో దుప్పటి ఉతుకులకు నిలవకపోతే ఎంత మెత్తనిదైనా దండగే. శాటిన్ నేత నూలు ఇంకా నున్నగా ఉంటుంది కానీ కాస్త వెచ్చన. చలికాలపు ఫ్లానెల్ ముట్టుకుంటే హాయిగానే ఉంటుంది, తెల్లవారుజామున చెమట పట్టిస్తుంది.

చెట్టు గుజ్జునుంచి తీసే లయోసెల్ కూడా మంచిదే. పోగు నున్నగా ఉంటుంది, తేమను బాగా పీలుస్తుంది, ధర ఎక్కువ. వెదురు బట్ట పేరుతో అమ్మేది చాలావరకు వెదురు గుజ్జును రసాయనాలతో కరిగించి తీసిన విస్కోసే. మెత్తగానే ఉంటుంది గానీ వెదురు చెట్టు గుణాలు అందులో వెతక్కండి. అవిసె నార బట్ట, అంటే లినెన్, చల్లగా ఉంటుంది. కొత్తలో గరుకు, పది పదిహేను ఉతుకుల తర్వాత గానీ మెత్తబడదు.

పాలిస్టర్ చెమట పీల్చదు. ఆ తడి అంతా చర్మానికీ బట్టకూ మధ్యే ఉండిపోతుంది. ముదురు నీలం, నలుపు రంగు సింథటిక్ బట్టల్లో వాడే డిస్పర్స్ అద్దకాలు కొందరికి అలర్జీ కూడా తెస్తాయి. నూలు పాలు ఎక్కువున్న మిశ్రమమైతే కొంత నయం. కొనేముందు చేత్తో కాదు, మోచేతి మడతలోనో మెడమీదో ఒకసారి రుద్ది చూడండి. అరచేతి చర్మం మందం, గరుకును పసిగట్టదు.

థ్రెడ్ కౌంట్ ఎంత ఉండాలి?

చదరపు అంగుళం బట్టలో ఎన్ని పోగులున్నాయో చెప్పే లెక్క ఇది. 200 నుంచి 400 మధ్య ఏదైనా సరిపోతుంది. 1000 అని రాసినవాటిలో చాలావరకు ఒక్కో నూలుపోగును రెండు మూడు పేటలుగా లెక్కగట్టి చూపిస్తారు. అంకె పెరిగేకొద్దీ నేత దట్టమై గాలి ఆడదు కూడా. అంకెకంటే పోగు పొడుగు ముఖ్యం. పొట్టి పోగుల బట్ట నాలుగు ఉతుకులకే ఉండలు కడుతుంది, ఆ ఉండలే రాత్రంతా గీరుకుంటాయి. ఉండలు కట్టిన దుప్పటిని మొహమాటపడకుండా తుడుపుగుడ్డ చేసెయ్యండి.

పట్టు దుప్పట్లు, పట్టు గలీబులు నిజంగా పనిచేస్తాయా?

పట్టు నున్నన, రాపిడి తక్కువ. అంతవరకు నిజం. అంతకుమించి ఆశపడితే మాత్రం: ఎగ్జిమా పిల్లలకు ప్రత్యేకంగా తయారుచేసిన పట్టు లోదుస్తుల మీద బ్రిటన్‌లో క్లోత్స్ అనే పెద్ద పరీక్ష జరిగింది. 1 నుంచి 15 ఏళ్ల వయసు పిల్లలు 300 మంది, 6 నెలలు. మామూలు చికిత్సకు పట్టు తోడైనా అదనంగా ఒరిగిందేమీ లేదని 2017లో ఫలితాలు వచ్చాయి. అది బట్టల సంగతే, దుప్పట్లది కాదు. అయినా పట్టు కోసం ఇంటి ఖర్చులు తగ్గించుకునే తల్లిదండ్రులు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలని నాకనిపిస్తుంది. ముఖం మీద ఎగ్జిమా ఉండి, మీకు హాయిగా అనిపిస్తే ఒక్క పట్టు గలీబు కొనుక్కోండి. అది వేడినీళ్లకూ మామూలు సబ్బుకూ ఆగదని తెలిసే కొనండి.

ఉన్ని అస్సలు తగలకూడదంటారు. నిజమేనా?

కంబళి లాంటి ముతక ఉన్ని చర్మానికి తగలకూడదు. అది అలర్జీ కాదు, పొడుచుకోవడం. సుమారు 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే లావైన పోగు వంగదు, కొనతో చర్మంలోని నరాలను గుచ్చుతుంది. 17.5 మైక్రాన్ల లోపు సన్నని మెరీనో ఉన్ని వంగిపోతుంది, గుచ్చదు. ఎగ్జిమా ఉన్న చాలామంది దాన్ని ఏ ఇబ్బందీ లేకుండా తొడుక్కోగలరని పరీక్షల్లో తేలింది. చలికి కంబళి తప్పదంటే కింద నూలు దుప్పటి వేసి, దాని అంచును కంబళి మీదికి జానెడు మడవండి. మెడకూ గడ్డానికీ తగిలేది ఆ అంచే.

"హైపోఅలర్జెనిక్" అని రాసి ఉంటే నమ్మొచ్చా?

ఆ మాటకు చట్టంలో బిగించిన అర్థం లేదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థే తన దగ్గర దానికి నిర్వచనం లేదని చెబుతుంది. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 ముద్రకు మాత్రం కొంత విలువుంది. 1992లో మొదలైన ఈ ముద్ర ఉందంటే బట్టలో హానికర రసాయనాలు హద్దులోపలే ఉన్నాయని పరీక్ష జరిగిందన్నమాట. చర్మానికి తగిలే బట్టలో ఫార్మాల్డిహైడ్ కిలోకు 75 మిల్లీగ్రాములు దాటకూడదు, పసిపిల్లల బట్టలకు హద్దు ఇంకా కఠినం. ఆర్గానిక్ అన్నది ప్రధానంగా పత్తి పండించిన తీరుకు సంబంధించిన మాట. నేలకు మంచిదే, దురదకు మందు కాదు.

ఫార్మాల్డిహైడ్ ఎక్కడిది అంటారా, "ఇస్త్రీ అక్కర్లేదు", "ముడతలు పడదు" అని రాసిన దుప్పట్లకు పట్టించే రెజిన్‌లోంచి వస్తుంది. అలాంటివి కొనకండి. ఏ కొత్త బట్టనైనా రెండుసార్లు ఉతికాకే పరవండి. గంజీ, మిగిలిపోయిన రంగూ, రవాణాలో పట్టిన దుమ్మూ పోతాయి.

డస్ట్ మైట్లు ఉంటాయని పరుపు మొత్తానికి తొడుగు వెయ్యమంటున్నారు. వెయ్యాలా?

ముందు వాటి సంగతి చెబుతాను. డస్ట్ మైటు అంటే ఇంటి దుమ్ములో బతికే చిన్న పురుగు, మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. కుట్టదు, రక్తం తాగదు. మన ఒంటినుంచి రాలే పొట్టు తిని బతుకుతుంది. నీళ్లు తాగదు, గాలిలోని తేమనే పీల్చుకుంటుంది. అందుకే వెచ్చగా, తేమగా ఉండే పరుపంటే దానికి ఇల్లు. మన ఇబ్బందల్లా దాని మలంతో. అందులో ప్రొటీన్లను కోసే ఎంజైము ఉంటుంది. అసలే బలహీనమైన చర్మపు పైపొరను అది ఇంకా సడలించగలదు, అలర్జీని రేపగలదు.

ఇంత చెప్పాక తొడుగు వేస్తే ఎగ్జిమా తగ్గాలి కదా. అక్కడే లెక్క కుదరడం లేదు. మైట్లను తగ్గించే పద్ధతుల మీద జరిగిన పరీక్షలన్నిటినీ కాక్రేన్ సంస్థ 2015లో సమీక్షించి, ఎగ్జిమాకు మేలని గట్టిగా చెప్పేంత ఆధారం లేదని తేల్చింది. కాబట్టి అందరూ కొనాల్సిన పని లేదు. డస్ట్ మైట్ అలర్జీ ఉన్నట్టు పరీక్షలో తేలి, ఎగ్జిమాతోపాటు ఉబ్బసమో, పొద్దున లేవగానే వరసగా తుమ్ములో ఉన్నవాళ్లు ప్రయత్నించి చూడొచ్చు. కొంటే నేతతో చేసిన, గాలి ఆడే, జిప్పుతో పూర్తిగా మూసుకునే తొడుగే కొనండి. ప్లాస్టిక్ తొడుగు మైట్లను ఆపుతుంది, మిమ్మల్ని ఉడకబెడుతుంది. ఈ వ్యాపారంలో భయపెట్టి అమ్మేవాళ్లు ఎక్కువ. పెద్దది చేసి తీసిన మైటు బొమ్మ చూసి కంగారుపడి కొనకండి.

మైట్లను చంపే స్ప్రేలు పరుపు మీద కొట్టకండి. ఆ రసాయనం మీద ముఖం పెట్టి పడుకునేది మీరే. ఆవిరితో శుభ్రం చేయిస్తే పరుపు పూర్తిగా ఆరాకే దుప్పటి వెయ్యండి, లోపల మిగిలిన తేమ మళ్లీ మైట్లకే లాభం. పిల్లలు పక్కలో వేసుకునే మెత్తని బొమ్మల్ని సంచిలో కట్టి 24 గంటలు ఫ్రీజర్‌లో ఉంచితే మైట్లు చస్తాయి. అలర్జీ పదార్థం మాత్రం బొమ్మలోనే ఉంటుంది కాబట్టి తర్వాత ఉతకాలి.

ఎన్ని రోజులకోసారి ఉతకాలి? ఎంత వేడి?

దుప్పట్లు, గలీబులు వారానికోసారి. ఎగ్జిమా రేగి రసి కారుతున్నప్పుడు రోజు విడిచి రోజు. గలీబు రోజూ మార్చినా ఎక్కువ కాదు. రేగిన చర్మం మీద స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా బాగా పెరుగుతుంది, రసి అంటిన బట్టలోకీ చేరుతుంది. మెషీన్‌లో 60 డిగ్రీల సెల్సియస్ పెట్టండి. ఆ వేడికి మైట్లు చస్తాయి, క్రీముల జిడ్డు కరుగుతుంది. చన్నీళ్ల ఉతుకు అలర్జీ పదార్థాన్ని చాలావరకు కడిగేస్తుంది కానీ మైట్లు బతికే ఉంటాయి. బట్ట మీది గుర్తు చూసి, అంత వేడిని తట్టుకునేదైతేనే పెట్టండి. అందుకే కొనేటప్పుడే ఆ గుర్తు చూసుకోమంటాను.

ఎండలో ఆరేస్తే మంచిదే. పుప్పొడి అలర్జీ ఉన్నవాళ్లు పూతకాలంలో లోపల ఆరేసుకోవాలి. దుప్పట్లు దులిపేటప్పుడు ఎగ్జిమా ఉన్న మనిషిని ఆ గదిలో ఉంచకండి.

ఏ డిటర్జెంటు? సాఫ్ట్‌నర్ వాడొచ్చా?

పరిమళం అసలు కలపనిది ఏదైనా. "వాసన లేనిది" అని రాసినదానిలో అసలు వాసనను కప్పేయడానికి మరో పరిమళం కలిపి ఉండొచ్చు, కాబట్టి పదార్థాల పట్టిక చదవండి. ద్రవరూపంలో ఉన్నవాటికి పాడవకుండా కలిపే మిథైల్‌ఐసోథియాజొలినోన్ చాలామందికి అలర్జీ తెచ్చే పదార్థం. పొడికి ఆ అవసరం ఉండదు. అందుకే నేను పొడి వైపే. బయో డిటర్జెంట్లలోని ఎంజైముల మీద అనుమానం ఎక్కువే గానీ, సరిగ్గా జాడించిన బట్టతో అవి ఎగ్జిమాను పెంచినట్టు పరీక్షల్లో కనబడలేదు.

బ్రాండు మార్చే ముందు కొలత తగ్గించి చూడండి. చర్మం సహజంగా కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది, పీహెచ్ 5 దరిదాపుల్లో. డిటర్జెంటు క్షారం. బట్టలో మిగిలిన డిటర్జెంటు రాత్రి చెమటకు తడిసి చర్మానికి అంటుతుంది. డబ్బా మీద రాసినంతే వేసి, ఒక జాడింపు అదనంగా పెట్టండి. మెషీన్‌ను కుక్కి నింపకండి, నీళ్లు పారడానికి చోటుండాలి. సాఫ్ట్‌నర్ వద్దు. పరిమళం ఒక కారణం, బట్ట మీద పూతలా పట్టి చెమట పీల్చే గుణాన్ని తగ్గించడం రెండోది.

ఉప్పునీళ్లు, గట్టినీళ్లు అయితే నీళ్ల గట్టితనాన్ని తగ్గించే సాఫ్టెనర్ యంత్రం పెట్టించుకోమంటారు. బ్రిటన్‌లో 336 మంది ఎగ్జిమా పిల్లల ఇళ్లలో ఆ యంత్రాలతో పరీక్ష చేశారు. 2011లో వచ్చిన ఫలితం: ఎగ్జిమాలో తేడా లేదు. ఇంకొకసారి జాడించుకోవడానికి డబ్బు ఖర్చు కాదు.

ఆయింట్‌మెంట్ దుప్పటికంతా అంటుకుంటోంది. ఏం చెయ్యాలి?

ఈ జవాబు మాత్రం దయచేసి పూర్తిగా చదవండి. మాయిశ్చరైజర్లు, ఆయింట్‌మెంట్లు ఇంకిన బట్టకు నిప్పంటుకుంటే మామూలు బట్టకంటే చాలా త్వరగా, తీవ్రంగా మండుతుంది. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2018 డిసెంబరులో ఇచ్చిన హెచ్చరికలో ప్రాణాలు పోయిన సంఘటనల గురించి కూడా చెప్పింది. పారాఫిన్ ఉన్నవాటికే కాదు, లేనివాటికీ ఈ ప్రమాదం ఉంది. ఉతికితే జిడ్డు తగ్గుతుంది, పూర్తిగా పోతుందని భరోసా లేదు. అందుకే పడక దగ్గర సిగరెట్టు, అగ్గిపుల్ల, కొవ్వొత్తి, దీపం, దోమల చుట్ట, మంటతో వెలిగే హీటరు ఏవీ వద్దు. మంచంలో సిగరెట్టు కాల్చే అలవాటున్న పెద్దవాళ్లకు మీరే ఈ క్రీములు రాస్తుంటే ఈ మాట వాళ్లకు ఇవాళే చెప్పండి. దీనికి భయపడి క్రీము మానెయ్యొద్దు, నిప్పును దూరం పెట్టండి.

పడుకోవడానికి అరగంట ముందే రాసుకుంటే కొంత ఇంకుతుంది, దుప్పటికి తక్కువ అంటుతుంది. ఎక్కువ రాసే రాత్రుల కోసం రెండు పాత నూలు దుప్పట్లు విడిగా పెట్టుకోండి. జిడ్డు బట్టలు వేరుగా, వేడినీళ్లలో ఉతకండి. నెలకోసారి ఖాళీ మెషీన్‌ను అత్యధిక వేడిలో తిప్పకపోతే లోపలి రబ్బరు జిడ్డుకు పాడవుతుంది.

నెత్తుటి మరకలు?

ముందు చన్నీళ్లు, తర్వాతే వేడినీళ్లు. తలకిందులు చేస్తే మరక ఉడికి పాతుకుపోతుంది. మరకలు కనబడవని ముదురు రంగులు కొనేవాళ్లున్నారు. నేను లేతరంగులే కొంటాను. నిద్రలో ఎంత గోకిందో పాపకు తెలియదు, దుప్పటి చెబుతుంది. మందు మార్చిన రెండో వారానికి చారలు తగ్గాయా లేదా అని డాక్టరు అడిగితే నా దగ్గర జవాబుంటుంది.

పరుపు, దిండు మార్చాలా?

పరుపు ఎగ్జిమా కోసం మార్చనక్కర్లేదు. మెమరీ ఫోమ్ మాత్రం ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది, దానిమీద పడుకుంటూ వెన్నంతా దురదంటే అనుమానించండి. మీద మందపాటి నూలు పరుపుతొడుగు వేస్తే కొంత తగ్గుతుంది. దిండు ఉతకడానికి వీలైనదై ఉండాలి, లోపలిదాకా ఎండాలి. ఈకల దిండు వద్దు, సింథటిక్ మేలని పాత సలహా. కొలిచి చూసినప్పుడు సింథటిక్ దిండ్లలోనే మైట్ అలర్జీ పదార్థం ఎక్కువగా తేలింది. ఈకలు బయటికి రాకుండా దిండు తొడుగును బిగువుగా నేస్తారు, మైట్లు కూడా అందులోంచి దూరలేవు. గలీబుకు గుండీలు, లేసులు, కుట్టుపని ఉంటే ముఖం వైపు రానివ్వకండి.

గది ఎలా ఉండాలి?

చల్లగా. వీలైనచోట 18 డిగ్రీలు అంటారు, అది కుదరకపోతే గాలి ఆడేలా చూడండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చర్మం ఎండిపోదు, మైట్లూ పెరగవు. ఒక్క మందపాటి బొంత బదులు రెండు మూడు పలచని దుప్పట్లు కప్పుకోండి. నిద్రమత్తులో కూడా ఒకటి తన్నేసుకోవచ్చు.

పసిపిల్లలకు ఏమైనా తేడా ఉందా?

ఏడాది నిండని బిడ్డ పడకలో దిండు, బొంత, వదులు దుప్పటి, మెత్తని బొమ్మ ఏవీ ఉండకూడదు. ఎగ్జిమా కోసమని ఈ నియమాన్ని సడలించకండి. ఊపిరాడకపోయే ప్రమాదం దురదకంటే పెద్దది. గట్టి పరుపు, దానికి బిగువుగా పట్టే నూలు దుప్పటి, ఒంటికి పొడుగుచేతుల పలచని నూలు చొక్కా చాలు. గోళ్లు పొట్టిగా కత్తిరించి అంచులు నున్నగా అరగదీయండి.

అన్నీ మార్చేశాం. అయినా తగ్గలేదు.

అన్నీ ఒకేసారి మార్చడంతోనే చిక్కు. తగ్గితే దేనివల్లో తెలియదు, పెరిగితే దేనివల్లో తెలియదు. ఒక్కటి మార్చి రెండు వారాలు చూడండి. కొత్త వస్తువుకు అలర్జీ వెంటనే రాదు, తరచూ రెండు మూడు రోజుల తర్వాత బయటపడుతుంది. బట్ట ఒరిపిడి పడే చోట్ల మాత్రమే, ఇదివరకు ఎగ్జిమా లేని చోట మచ్చలు వస్తుంటే చర్మ వైద్యుల దగ్గర ప్యాచ్ టెస్ట్ (అనుమానమున్న పదార్థాలను చర్మానికి అంటించి అలర్జీ ఉందేమో చూసే పరీక్ష) గురించి అడగండి.

చాలాసార్లు అసలు కారణం పడక కాదు, మందు సరిపోకపోవడం. స్టెరాయిడ్ అంటే భయపడి చెప్పినదాంట్లో సగమే రాయడం నేనూ చేశాను, దాని ఫలితం పాప రాత్రుల మీద పడింది. రసి, పసుపు పక్కు, నొప్పి, జ్వరం కనబడితే ఆలస్యం చెయ్యకండి. గుంపుగా చిన్న నీటిపొక్కులు లేచి, గుండ్రటి పుండ్లై, బిడ్డ నలతగా ఉంటే అది హెర్పిస్ వైరస్ కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

వేరేచోట పడుకోవాల్సి వస్తే?

ఉతికిన ఒక దుప్పటి, ఒక గలీబు బ్యాగులో పెట్టుకోండి. పొరుగింటి సబ్బు ఏదో, సాఫ్ట్‌నర్ ఏదో మనకు తెలియదు. వాళ్ల దుప్పటి మీదే మీది పరుచుకుని, వాళ్ల దిండుకే మీ గలీబు తొడుక్కోవచ్చు. ఎందుకని ఎవరైనా అడిగితే ఎగ్జిమా అని చెప్పండి. పాపకు కూడా ఆ మాట తనే చెప్పడం నేర్పాను.